ఉగాది పండగ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్గుణ మాసం సగం దాటేసరికి ఉగాది గురించి ఏటా అవే సందేహాలు మొదలవుతాయి. తేదీ ఏది, పచ్చడిలో ఏం వెయ్యాలి, పంచాంగంలో వ్యయం ఎక్కువుంటే ఏం చెయ్యాలి, ఇలా. అన్నీ ఒకచోట ఉంటే ఎవరికి కావాల్సిన ప్రశ్న వాళ్లు చూసుకుంటారని రాస్తున్నాను. ఆచారాలు ఊరికీ ఇంటికీ మారుతూ ఉంటాయి. మీ ఇంటి పెద్దవాళ్లు ఇంకోలా చెబితే వాళ్లు చెప్పినట్టే చేసుకోండి.

## తేదీ, సంవత్సరం పేరు

ఉగాది ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్‌లో ఎందుకొస్తుంది?

తెలుగు సంవత్సరం చంద్రుడి లెక్కన నడుస్తుంది. అమావాస్య మర్నాటి నుంచి మళ్లీ అమావాస్య దాకా ఒక నెల. అలాంటి పన్నెండు నెలలకు సుమారు 354 రోజులే అవుతాయి. ఇంగ్లిష్ క్యాలెండర్ కంటే పదకొండు రోజులు తక్కువ కాబట్టి ఉగాది ఏటా ఆ మేరకు ముందే వచ్చేస్తుంది. అలాగే వదిలేస్తే కొన్నాళ్లకు పండగ చలికాలంలో పడుతుంది. అందుకే రెండున్నర, మూడేళ్లకోసారి అధికమాసం వస్తుంది, ఆ తర్వాతి ఉగాది ఏప్రిల్‌కి జరుగుతుంది. 2023లో మార్చి 22న వచ్చిన ఉగాది, ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027 ఉగాది ఏప్రిల్ 7న.

క్యాలెండర్‌లో పాడ్యమి రెండు రోజులు కనిపిస్తోంది. పండగ ఏ రోజు?

చైత్ర శుద్ధ పాడ్యమి సూర్యోదయానికి ఏ రోజు ఉంటే ఆ రోజే ఉగాది. రెండు రోజులూ సూర్యోదయానికి ఉంటే మొదటి రోజు చేసుకోవాలి. అసలు ఏ సూర్యోదయానికీ లేకపోయినా మొదటి రోజే. 2026లో సరిగ్గా ఇదే జరిగింది: మార్చి 19న పొద్దు పొడిచాక పాడ్యమి మొదలై, మర్నాడు పొద్దు పొడవకముందే అయిపోయింది. కాబట్టి 19నే ఉగాది. పొద్దున లేవగానే అమావాస్య ఘడియలు ఉన్నాయి కదా అని కంగారుపడాల్సిన పనేమీ లేదు.

సంవత్సరానికి పేరు ఎవరు పెడతారు?

ఎవరూ కొత్తగా పెట్టరు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్లు వరసగా తిరుగుతుంటాయి. అక్షయనే కొన్ని పంచాంగాల్లో క్షయ అని రాస్తారు. ప్రస్తుత ఆవృత్తి 1987 ఉగాదికి ప్రభవతో మొదలైంది, మళ్లీ ప్రభవ వచ్చేది 2047లో. ఈ మధ్య వరస ఇది: 2024లో క్రోధి, 2025లో విశ్వావసు, 2026లో పరాభవ, 2027లో ప్లవంగ, 2028లో కీలక.

పరాభవ, క్రోధి లాంటి పేర్లున్న ఏడు అంతా చెడే జరుగుతుందా?

జరగదు. 2011లో ఖర, 2016లో దుర్ముఖి వచ్చాయి. ఆ ఏళ్లలోనూ ఇళ్లల్లో పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు పుట్టారు, పంటలు పండాయి. పంచాంగకర్తలు కూడా ఏడాది ఫలితాన్ని ఒక్క పేరుని పట్టుకుని చెప్పరు. శుభాకాంక్షలు చెప్పేటప్పుడు ఆ పేరు అనడం ఇబ్బందిగా ఉంటే 'నూతన సంవత్సర శుభాకాంక్షలు' అంటే సరిపోతుంది. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు మాత్రం అసలు పేరే చెప్పాలి.

నేను పుట్టిన తెలుగు సంవత్సరం ఎలా తెలుసుకోవాలి?

పుట్టిన తేదీ ఆ ఏటి ఉగాదికి ముందా, తర్వాతా అన్నది చూడండి. జనవరి, ఫిబ్రవరిల్లో పుట్టినవాళ్లందరికీ, మార్చి–ఏప్రిల్‌లో ఉగాదికి ముందు పుట్టినవాళ్లకీ అంతకుముందు నడిచిన సంవత్సరం పేరే వర్తిస్తుంది. ఉదాహరణకు 1966 జనవరిలో పుట్టినవాళ్లది విశ్వావసు, అదే ఏడు జూన్‌లో పుట్టినవాళ్లది పరాభవ. షష్టిపూర్తి లెక్కలో చాలామంది తడబడేది ఇక్కడే. పుట్టిన సంవత్సరం పేరు తిరిగి వచ్చినప్పుడు, అదే మాసంలో అదే తిథికి అరవై నిండుతాయి.

తమిళులకు, మలయాళీలకు అదే రోజు ఎందుకు కాదు?

వాళ్లు సూర్యుణ్ని బట్టి లెక్కిస్తారు. సూర్యుడు మేషరాశిలోకి వచ్చే ఏప్రిల్ 14 ప్రాంతంలో తమిళులకు పుత్తాండు, కేరళలో విషు వస్తాయి. కన్నడిగుల యుగాది, మరాఠీల గుడి పాడ్వా మాత్రం మన ఉగాది రోజే.

## పండగకు ముందు

కొత్త అమావాస్య అంటే ఏమిటి?

ఉగాదికి ముందు రోజు వచ్చే ఫాల్గుణ బహుళ అమావాస్య. ఉత్తరాంధ్రలో ఇదే పెద్ద పండగ. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతర ఈ కొత్త అమావాస్యకే జరుగుతుంది, చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. మిగతా ప్రాంతాల్లో ఆ రోజు ఇల్లు కడుక్కోవడం, పండగ సరుకులు తెచ్చుకోవడంతో గడిచిపోతుంది.

ఏమేం తెచ్చిపెట్టుకోవాలి?

మామిడాకులు, పచ్చి మామిడికాయలు, వేప పువ్వు, కొత్త బెల్లం, కొత్త చింతపండు, నువ్వుల నూనె, సున్నిపిండి, పూలు, కొబ్బరికాయ, కొత్త పంచాంగం. పచ్చడి కొత్త కుండలో కలిపే ఇల్లయితే కుండ కూడా. కుండని ముందు రోజే కడిగి నీళ్లు పోసి నానబెట్టండి, లేకపోతే పచ్చడికి మట్టివాసన వస్తుంది.

వేప పువ్వు శుభ్రం చెయ్యడం పెద్ద పనిగా ఉంది. తేలిక పద్ధతి ఏమైనా ఉందా?

ఉంది. రెమ్మలు కోసుకొచ్చి దులపండి, పురుగులుంటే పోతాయి. పువ్వులు దూసి రెండు అరచేతుల మధ్య వేసుకుని మెల్లగా నలపండి. తెల్లటి రేకలు, ఆకుపచ్చ కాడలు విడిపోతాయి. చాటలో వేసి చెరిగితే తేలికపాటి రేకలన్నీ ఒకవైపు చేరతాయి. చాట లేకపోతే పళ్లెంలో పోసి మెల్లగా ఊదినా సరిపోతుంది. రేకలు మాత్రమే పచ్చడిలో వెయ్యాలి. కాడలు పడితే చేదు నాలుక మీద నిలిచిపోతుంది. పచ్చడి కలిపే ముందు చేసుకుంటే మంచిది, రాత్రే నలిపి పెడితే పొద్దుటికి నల్లబడుతుంది.

ఉగాది మార్చిలోనే వచ్చేసింది, వేప ఇంకా పూయలేదు. ఏం చెయ్యాలి?

పండగ తొందరగా వచ్చిన ఏళ్లలో ఇది మామూలే. కిందటేడు ఎండబెట్టి దాచిన పువ్వు వాడుకోవచ్చు. అదీ లేకపోతే రెండు మూడు లేత వేప చిగుళ్లు సన్నగా తరిగి వెయ్యండి. ఆ రోజు చదివే శ్లోకంలో ఉన్నది కూడా వేప చిగురే. చేదు కోసం కాకరకాయ వేసేవాళ్లని చూశాను, అది మాత్రం వద్దు. వేసవి మొదట్లో వేప లోపలికి వెళ్లాలన్నదే ఈ ఆచారంలోని అసలు విషయం.

ఇంట్లో పెద్దాయన పోయి ఏడాది కాలేదు. ఉగాది చేసుకోవచ్చా?

ఏటి సూతకం ఉన్న ఇంట్లో సాధారణంగా పండగ చేసుకోరు. తోరణం, కొత్త బట్టలు, పిండివంటలు మానేస్తారు. దేవుడి దగ్గర దీపం పెట్టుకోవడం, పచ్చడి నోట్లో వేసుకోవడం చాలా ఇళ్లలో మానరు. ఇంట్లో కలపకపోతే పక్కింటివాళ్లో చుట్టాలో తెచ్చి ఇస్తారు. మీ చుట్టుపక్కల అలాంటి ఇల్లుంటే ఒక గిన్నెడు పచ్చడి పట్టుకెళ్లండి.

## పండగ పొద్దున

తలంటు తప్పనిసరా? షాంపూతో చేస్తే కాదా?

శాస్త్రం ఉగాదికి చెప్పిన ముఖ్యమైన పనుల్లో మొదటిది తైలాభ్యంగనం, అంటే ఒంటికి, తలకి నువ్వుల నూనె పట్టించి స్నానం చెయ్యడం. పద్ధతి ఇది: పొద్దు పొడవకముందే లేచి, ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా పిల్లల మాడున నూనె పెట్టి దీవిస్తారు. తర్వాత ఒళ్లంతా పట్టించి, కాసేపు నాననిచ్చి, సున్నిపిండితో రుద్ది, తలకి కుంకుడుకాయ రసంతో స్నానం చేయిస్తారు. కుంకుడుకాయలు లేకపోతే షాంపూ వాడినా ఫర్వాలేదు, నూనె మాత్రం మానకండి. జలుబు, జ్వరం ఉన్నవాళ్లు మాడున ఒక చుక్క పెట్టుకుంటే చాలు.

ఉగాదికి ఏ దేవుడికి పూజ చెయ్యాలి?

ఫలానా దేవుడికే చెయ్యాలని లేదు. బ్రహ్మ సృష్టి మొదలుపెట్టింది చైత్ర శుద్ధ పాడ్యమి నాడేనని పురాణాల్లో ఉన్నా, ఇళ్లలో బ్రహ్మకు విడిగా పూజ చేసే ఆనవాయితీ లేదు. పసుపు గణపతిని పూజించి, తర్వాత మీ ఇలవేల్పుకో ఇష్టదైవానికో పూజ చేసుకుని, కొత్త పంచాంగానికి పసుపు కుంకుమ పెట్టి, పచ్చడి నైవేద్యం పెట్టండి. సంకల్పంలో ఆ రోజు నుంచి కొత్త సంవత్సరం పేరు చెప్పాలి: 2026 ఉగాదికి అయితే 'శ్రీ పరాభవ నామ సంవత్సరే, ఉత్తరాయణే, వసంత ఋతౌ, చైత్ర మాసే, శుక్ల పక్షే, ప్రతిపత్తిథౌ'.

కొత్త బట్టలు కొనలేకపోయాం. దోషమా?

కాదు. ఉతికిన బట్టలు కట్టుకోండి.

## పచ్చడి

అసలైన ఉగాది పచ్చడి ఏది? ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారు.

ప్రాంతాన్ని బట్టి మారుతుంది, అన్నీ అసలైనవే. తెలంగాణలో కొత్త కుండలో నీళ్లు ఎక్కువ పోసి, గ్లాసుల్లో తాగేంత పల్చగా చేస్తారు. పుట్నాలు, కొబ్బరి ముక్కలు కూడా పడతాయి. కోస్తాలో కొంచెం చిక్కగా, చాలా ఇళ్లలో అరటిపండు ముక్కలు, చెరకు ముక్కలు వేసి చేస్తారు. కన్నడ సీమలో వేప, బెల్లం కలిపి నోట్లో వేసుకుంటే అయిపోయింది, దాన్ని బేవు బెల్ల అంటారు. ఎక్కడైనా చూడాల్సింది ఆరు రుచులూ పడ్డాయా లేదా అని: బెల్లంతో తీపి, చింతపండుతో పులుపు, ఉప్పు, పచ్చిమిర్చి లేదా మిరియాలతో కారం, వేప పువ్వుతో చేదు, మామిడికాయతో వగరు. పండ్లు, జీడిపప్పు, కిస్‌మిస్ మీ ఇష్టం. కానీ అవి ఎక్కువై పచ్చడి ఫ్రూట్ సలాడ్‌లా తయారవుతోంది ఈ మధ్య, అది నాకు నచ్చదు.

నలుగురికి కొలతలు చెప్పండి.

నిమ్మకాయంత కొత్త చింతపండు నానబెట్టి రెండు గ్లాసుల పల్చటి రసం తీయండి. అందులో ఒక చిన్న గిన్నెడు బెల్లం తురుము కరిగించి వడకట్టండి. బెల్లంలో ఇసుక ఉంటుంది కాబట్టి ఈ పని మానకూడదు. ఒక మామిడికాయని తొక్కతోనే సన్నగా తరిగి వెయ్యండి, వగరు ఉండేది తొక్కలోనే. చిటికెడు ఉప్పు, సన్నగా తరిగిన ఒక పచ్చిమిర్చి లేదా పావు చెంచా మిరియాల పొడి, చివరగా రెండు చెంచాల వేప పువ్వు. పొయ్యి వెలిగించే పని లేదు. వేప పువ్వు సరిగ్గా పూజకి ముందు కలపండి. గంటల తరబడి నానితే చేదంతా రసంలోకి దిగిపోతుంది.

పిల్లలు చేదని ఉమ్మేస్తున్నారు. వేప పువ్వు మానెయ్యొచ్చా?

మానొద్దు. వాళ్ల గ్లాసులో నాలుగు రేకలు వెయ్యండి చాలు. మొదటి చెంచా మీరు తిని, చేదు తగిలినప్పుడు మొహం దాచుకోకుండా వాళ్ల ముందే నవ్వేయండి. వేప తీసేసిన పచ్చడి మామిడికాయ పానకం అవుతుంది, ఉగాది పచ్చడి కాదు.

ఎప్పుడు తినాలి? ఏమైనా చదవాలా?

స్నానం, పూజ అయ్యాక పరగడుపున. కాఫీ తాగకుండా ఉండలేని పెద్దవాళ్లు, మందులు వేసుకునేవాళ్లు ముందు ఏదైనా తీసుకోవచ్చు. తినేటప్పుడు చదివే శ్లోకం ఇది:

శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ
సర్వారిష్ట వినాశాయ నింబకందళ భక్షణమ్

నూరేళ్ల ఆయుష్షు, గట్టి ఒళ్లు, సంపద కలగాలని, అరిష్టాలు పోవాలని వేప చిగురు తింటున్నాం అని భావం.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

బెల్లం కూడా షుగర్ పెంచుతుంది, బెల్లం కదా అని గ్లాసులు తాగకండి. ప్రసాదంగా ఒకటి రెండు చెంచాలతో ఆపండి. బెల్లం వెయ్యకముందే కొంచెం రసం విడిగా తీసి, చాలా తక్కువ బెల్లంతో వాళ్లకి వేరుగా కలిపే ఇళ్లు కూడా ఉన్నాయి.

## పంచాంగ శ్రవణం

పంచాంగం సొంతంగా చదువుకోవచ్చా, వినే తీరాలా?

రెండూ చెయ్యొచ్చు. పంచాంగం అంటే తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలు. వీటి గురించి వింటే తిథి వల్ల సంపద, వారం వల్ల ఆయుష్షు, నక్షత్రం వల్ల పాపనాశనం, యోగం వల్ల రోగనివారణ, కరణం వల్ల కార్యసిద్ధి అని చెబుతారు. వీలైతే గుడికి వెళ్లి వినండి. వానలెలా ఉంటాయి, ఏ పంటకి అనుకూలం, ఏ ధర పెరుగుతుంది అని సిద్ధాంతిగారు చదువుతుంటే ఊరంతా కూర్చుని వినడంలో ఉన్న ఆనందం ఫోన్‌లో వింటే రాదు.

ఈ ఏడాదికి రాజు ఫలానా గ్రహం, మంత్రి ఫలానా గ్రహం అంటారు. ఎలా నిర్ణయిస్తారు?

ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతి రాజు. సూర్యుడు మేషంలోకి ప్రవేశించే రోజు వారాధిపతి మంత్రి. 2024లో ఉగాది మంగళవారం, మేష సంక్రమణం శనివారం. కాబట్టి రాజు కుజుడు, మంత్రి శని. 2025లో ఉగాది ఆదివారం వచ్చింది, రాజు రవి. సేనాధిపతి, సస్యాధిపతి, మేఘాధిపతి వగైరాలతో కలిపి మొత్తం తొమ్మిది మంది, వీళ్లనే నవనాయకులంటారు.

నా రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడకండి. అవి రూపాయలు కావు, మీ జీతం లెక్కా కాదు. ఒక రాశివాళ్లందరికీ ఒకటే అంకె ఉంటుంది. ఆ రాశిలో కోటీశ్వరులూ ఉంటారు, కూలిపని చేసుకునేవాళ్లూ ఉంటారు. వ్యయం అంటే నష్టమని అనుకోనక్కర్లేదు. ఇల్లు కట్టినా, పిల్ల పెళ్లి చేసినా ఖర్చే. ఆ ఏడు అప్పు చేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. రాజపూజ్యం, అవమానం అంకెలు కూడా అంతే. ఇవి చూపించి ఖరీదైన శాంతులు చేయించుకోమని భయపెట్టేవాళ్ల జోలికి వెళ్లకండి.

నా జన్మనక్షత్రం తెలియదు. రాశి ఎలా చూసుకోవాలి?

పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూస్తారు. ఉదాహరణకు చూ, చే, చో, లా అనే అక్షరాలు అశ్వినివి, అశ్విని మేషరాశిలోకి వస్తుంది. ఈ పట్టిక ప్రతి పంచాంగంలోనూ మొదటి పేజీల్లోనే ఉంటుంది.

రెండు పంచాంగాల్లో తిథి సమయాలు ఎందుకు కలవడం లేదు?

కొందరు సిద్ధాంతులు సూర్యసిద్ధాంతం వంటి పాత గ్రంథాల పద్ధతిలో గణిస్తారు, కొందరు ఇప్పటి ఖగోళ లెక్కల ప్రకారం దృక్ పద్ధతిలో గణిస్తారు. అందుకే కొన్ని గంటల తేడా కూడా వస్తుంది. ఏదో ఒకటి నమ్మి ఏడాదంతా దాన్నే చూడండి.

## భోజనం, గుడి, ఊరు

ఉగాదికి ఏం వండుతారు?

మామిడికాయ పులిహోర, బొబ్బట్లు, గారెలు, పరమాన్నం. బొబ్బట్లనే తెలంగాణలో భక్ష్యాలు, రాయలసీమలో ఓళిగలు అంటారు. శనగపప్పు ఉడికించి వార్చిన నీళ్లు పారబొయ్యకండి, చింతపండు, పోపు వేసి చారు కాస్తే ఆ రోజు భోజనంలో దానికి మించింది ఉండదు.

బొబ్బట్లు చేస్తుంటే పగిలిపోతున్నాయి. ఎందుకు?

తొంభై పాళ్లు తప్పు పూర్ణంలో ఉంటుంది. పప్పు వేళ్ల మధ్య నొక్కితే చితికేలా ఉడకాలి కానీ ముద్దైపోకూడదు. నీళ్లు పూర్తిగా వార్చి, బెల్లం వేశాక గట్టిపడి ఉండ కట్టడానికి వచ్చేదాకా దగ్గరపడనివ్వండి. పైపిండి చేతికి సాగేంత మెత్తగా కలిపి, నూనె వేసి కనీసం గంటసేపు నాననివ్వాలి. పూర్ణం గట్టిగా, పిండి మెత్తగా ఉంటే పగలవు.

ఉగాదికి ప్రత్యేకంగా ఏ గుడికి వెళితే బాగుంటుంది?

తిరుమలలో ఉగాది ఆస్థానం, పంచాంగ శ్రవణం జరుగుతాయి. శ్రీశైలంలో ఉగాది మహోత్సవాలకు కర్ణాటక నుంచి వేలమంది నల్లమల అడవి గుండా కాలినడకన వస్తారు. నన్నడిగితే మాత్రం ఒక్కసారైనా దేవుని కడప చూడమంటాను. అక్కడి లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో వస్తాయి. స్వామి భార్య బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని, కాబట్టి స్వామి తమ అల్లుడని వాళ్ల నమ్మకం. తరతరాలుగా వస్తున్న ఆ చుట్టరికాన్ని కొబ్బరికాయ కొట్టి ఏటా చాటుకుంటారు.

చలివేంద్రం ఉగాదికే ఎందుకు పెడతారు?

ఎండలు ముదిరేది అప్పటి నుంచే. దాహంతో ఉన్నవాళ్లకి నీళ్లు పోసే ప్రపాదానం చైత్రంలో మొదలుపెట్టాలని శాస్త్రం చెప్పింది. గేటు బయట ఒక కుండ, గ్లాసు పెట్టి రోజూ నీళ్లు మార్చినా చలివేంద్రమే. మొదటి రోజు ఫొటో తీసి రెండో వారానికి ఖాళీ కుండ వదిలెయ్యడం మాత్రం చెయ్యకండి.

కవి సమ్మేళనానికి, ఉగాదికి ఏం సంబంధం?

వసంతం కవులకి ఇష్టమైన కాలం, కొత్త ఏడాదికి కొత్త పద్యంతో స్వాగతం చెప్పడం మనకి అలవాటు. ఆకాశవాణి కేంద్రాలు, సాహితీ సంస్థలు ఉగాదికి కవి సమ్మేళనాలు పెడతాయి. మీ ఊళ్లో ఉంటే పిల్లల్ని తీసుకెళ్లండి.

ఉగాది ఒక్కరోజు పండగేనా?

ఉగాది ఒక్కరోజే. ఆ రోజే వసంత నవరాత్రులు మొదలై తొమ్మిదో రోజు శ్రీరామనవమితో పూర్తవుతాయి. నవరాత్రి పూజ పెట్టుకోవడం ఇష్టాన్ని బట్టి.

## దూరంగా ఉన్నవాళ్లకు

అమెరికాలో ఉంటున్నాం. ఇండియా తేదీ చూడాలా, ఇక్కడిదా?

మీరున్న చోట సూర్యోదయానికి పాడ్యమి ఏ రోజు ఉందో అదే మీ ఉగాది. చాలా ఏళ్లు తేదీ కలుస్తుంది, కొన్నిసార్లు ఒక రోజు ముందు వస్తుంది. మీ ఊరి గుడివాళ్లు స్థానిక సమయాలతో పంచాంగం వేస్తారు, దాన్ని చూడండి. సంఘం వేడుక వారాంతంలో జరిగినా, ఇంట్లో పచ్చడి అసలు రోజునే తినండి.

హాస్టల్‌లో ఒంటరిగా ఉంటాను. కనీసం ఏం చేస్తే ఉగాది చేసినట్టు?

తలకి కొంచెం నూనె పెట్టుకుని స్నానం చెయ్యి. ఒక గ్లాసులో చింతపండు రసం, బెల్లం, మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారం, నాలుగు వేప రేకలు కలుపుకో. దండం పెట్టుకుని తిను, పక్క గదివాళ్లకీ పెట్టు. ఏదో ఒక పంచాంగంలో నీ రాశి చూసుకో. తర్వాత ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నల దీవెన తీసుకో. పండగకి ఇంతకన్నా తప్పనిసరి అంటూ ఏమీ లేదు.